నాయనమ్మ ఆటలు ఎందుకు ఆపించారు?

ప్రశ్న: మా పాపకు నాలుగున్నరేళ్లు. అక్షరాలు గుర్తుపడుతుంది గానీ, ఏ మాట ఏ శబ్దంతో మొదలవుతుందంటే తెల్లమొహం వేస్తుంది. అదే వయసున్న మా తోటికోడలి కొడుకు చిన్న చిన్న మాటలు చదివేస్తున్నాడు. మా అత్తగారు చదువుకోలేదు. పాటలు, ప్రాస మాటలు అంటూ పాపతో టైమ్ వేస్ట్ చేస్తున్నారని సాయంత్రాలు ఆవిడ గదికి పంపడం మానేశాను. మావారు ఏమీ అనరు. ఫోనిక్స్ (అక్షరాల శబ్దాలతో చదవడం నేర్పే) క్లాసులో చేర్చనా, యాప్ కొననా?

జవాబు: రెండూ వద్దు. నాకు బాధనిపించింది ఆ సాయంత్రాల సంగతి.

చదువు కంటికంటే ముందు చెవికి రావాలమ్మా. ‘పలక, గిలక’ అంటే రెండూ ఒకేలా ముగిశాయని పాప పట్టుకోవాలి. ‘ప-ల-క’ అంటూ మూడు చప్పట్లు కొట్టాలి. దీనికి పుస్తకం అక్కర్లేదు, చీకట్లో పడుకుని కూడా ఆడొచ్చు. మొదటి శబ్దాన్ని విడదీసి చెప్పడం సాధారణంగా ఆ తర్వాతే. కొందరికి ఐదేళ్లు దాటితే గాని పట్టుబడదు. మీ అత్తగారు చేస్తున్నది సరిగ్గా ఆ చెవికి నేర్పే పనే. పాపకు ఇంట్లో ఉచితంగా అందుతున్న పాఠాన్ని మీ చేతులతో మీరే ఆపించారు.

ఆవిడకు అక్షరాలు రాకపోవచ్చు, మాటలు వచ్చు కదా! తోటికోడలితో పోటీ పెట్టుకుని ఆ చిరాకు పెద్దావిడ మీద చూపించారని నాకనిపిస్తోంది. కన్నతల్లిని పక్కన పెడుతుంటే నోరు మెదపని మీవారి గురించి కూడా నాకు మంచి అభిప్రాయం లేదు.

రేపు మీరే వెళ్లి, “అత్తయ్యా, ఆ ఆటలు నాకూ నేర్పండి” అని అడగండి. మీ వంతుగా శబ్దాలు కలిపే ఆట ఆడండి. ‘మే... క, ఏంటో చెప్పు’ అంటే చాలు. ఇంగ్లిష్ మాటలకు వచ్చినప్పుడు అక్షరం పేరు కాదు, శబ్దం పలకండి, అదీ పొట్టిగా ‘బ్’ అని. ‘బ, యా, ట’ అని సాగదీస్తే వాటిని కలిపి ‘బ్యాట్’ అనడం పిల్లకు కష్టం. తప్పు చెబితే సరైనది మీరు చెప్పి ముందుకెళ్లండి. పరీక్ష పెట్టినట్టు ఉండకూడదు.

ఒకవేళ పాప పిలిస్తే పలక్కపోయినా, టీవీ సౌండ్ పెంచమంటున్నా, మాట స్పష్టంగా లేకపోయినా, తరచూ చెవిపోటు అంటున్నా డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. అది మాత్రం వాయిదా వేయొద్దు.

తోటికోడలి కొడుకు ఎంతవరకు వచ్చాడని ఆరా తీయడం కొన్నాళ్లు మానేయండి.