ఒబామా మళ్లీ గెలిచాడు సరే, ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది

నవంబరు 17, 2012
ఎడిసన్, న్యూజెర్సీ

అమ్మలూ,

ఫలితాలు వచ్చిన రాత్రి నువ్వు ఫోన్లో గుక్క తిప్పుకోకుండా చెప్పిన కోరికల చిట్టా నాకు గుర్తుంది: గ్రీన్ కార్డులు, హెల్త్ కేర్, తుపాకులు, గ్వాంటనామో జైలు, వాతావరణం. అందులో ఒక్కటీ వదులుకోవద్దు. అయితే 332 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి కదా, ఇక అన్నీ వాటంతట అవే జరిగిపోతాయని కూర్చోకు. 2008లో క్యూలు కట్టి ఓటేసినవాళ్లలో చాలామంది 2010 మధ్యంతర ఎన్నికలకి ఇల్లు కదల్లేదు, కాంగ్రెస్ దిగువసభ హౌస్‌లో మన డెమొక్రాట్లకి 63 సీట్లు పోయాయి, ఆ తర్వాత ఏ పెద్ద బిల్లూ ముందుకి కదలడం మనం చూడలేదు.

ముందు ఒక కాగితం తీసుకుని, ఒక్కో కోరిక పక్కన అది ఎవరి చేతిలో ఉందో రాసుకో. గ్వాంటనామోని ఏడాదిలో మూసేస్తానని ఒబామా 2009 జనవరి 22న సంతకం పెట్టాడు, కాంగ్రెస్ డబ్బులివ్వలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు అది ఇవాళ్టికీ నడుస్తూనే ఉంది. అదే చిన్నప్పుడు తల్లిదండ్రులతో వచ్చి, కాగితాల్లేక ఉండిపోయిన పిల్లల్ని వెనక్కి పంపకుండా ఆపడం ఆయన చేతిలో పని, ఈ జూన్‌లో చేశాడు. అదీ ఊరికే జరగలేదు, ఆ పిల్లలే భయం వదిలి బయటికొచ్చి ఏళ్ల తరబడి అడిగితే జరిగింది.

మనవాళ్ల గ్రీన్ కార్డుల సంగతి పూర్తిగా కాంగ్రెస్‌దే. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అన్న లెక్క ఉద్యోగ వీసాలకి తీసేసే బిల్లు పోయిన నవంబరులో హౌస్‌లో 389–15తో నెగ్గింది, పైసభ సెనేట్‌కి వెళ్లి అక్కడే ఆగిపోయింది. జనవరి 3తో ఈ కాంగ్రెస్ ముగుస్తుంది, అప్పటికి పాస్ కాకపోతే ఆ బిల్లు పోయినట్టే, మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాలి. కాబట్టి మీ వర్జీనియా నుంచి సెనేట్‌కి కొత్తగా వెళ్తున్న టిమ్ కేన్‌నీ, ఇప్పటికే అక్కడున్న మార్క్ వార్నర్‌నీ వదలొద్దు.

మీ యాష్‌బర్న్ కాంగ్రెస్ సభ్యుడు ఫ్రాంక్ వుల్ఫ్ రిపబ్లికనే, అయినా ఫోన్ చెయ్యి. ఆయనకి ఓటెయ్యకపోయినా నువ్వు ఆయన నియోజకవర్గం మనిషివే. ఎత్తేది ఎవరో కాలేజీ పిల్లో పిల్లాడో అయ్యుంటారు, కంగారు పడకు. పేరు, జిప్ కోడ్ చెప్పు, బిల్లు నంబరు చెప్పు, అవునని ఓటెయ్యాలో కాదని వెయ్యాలో ఒక్క మాటలో చెప్పు, ఆ తర్వాత నీ సొంత సంగతి ఒకటి చెప్పి పెట్టెయ్. నిమిషం చాలు. ఒక్క ఫోన్‌లో అయిదు విషయాలు కలిపావంటే వాళ్లు ఏదీ రాసుకోరు. నలుగురు స్నేహితుల చేత కూడా చేయించు, కానీ కాగితం చూసి చదివించొద్దు, ఎవరి మాటల్లో వాళ్లు చెప్పాలి.

తుపాకుల మీద ఈ హౌస్ ఏమైనా చేస్తుందన్న ఆశ నాకు తక్కువ. ఆగస్టులో ఓక్ క్రీక్ గురుద్వారాలో ఆరుగురిని చంపాక కూడా కదలనివాళ్లు వీళ్లు. అయినా అడగడం మానొద్దు.

హెల్త్ కేర్ దగ్గర మాత్రం నీకు నిజంగా పని ఉంది. ఒబామా తెచ్చిన చట్టం ప్రకారం 2014 నుంచి షుగరుందనో బీపీ ఉందనో ఇన్సూరెన్స్ ఇవ్వం అనడానికి వీల్లేదు. గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకి అయిదేళ్లు నిండేదాకా, పెద్దవయసువాళ్లకి ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్ మెడికేర్ కొనుక్కునే వీలు కూడా లేదు కదా, వాళ్లూ ఈ చట్టం కింద పాలసీలు అమ్మే ఎక్స్చేంజీలో పాలసీ తీసుకోవచ్చు. కానీ బీదవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్ మెడికెయిడ్‌ని ఇంకా ఎక్కువమందికి పెంచడం ఏ రాష్ట్రం ఇష్టం ఆ రాష్ట్రానిదని జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఒబామా రెండో టర్మ్‌లో సగం మీ రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో తేలుతుంది. 2013 నవంబరులో మీకు గవర్నర్ ఎన్నిక, రాష్ట్ర దిగువసభ అయిన డెలిగేట్ల సభలో 100 సీట్లకీ ఎన్నిక. ఆ ఎన్నికలకి జనం పట్టుమని రారు, అందుకే అక్కడ నువ్వు తట్టే ఒక్కో తలుపూ ఈ అక్టోబరులో తట్టిన పది తలుపులకి సమానం.

ఇంకో మాట. డ్రోన్లతో పాకిస్తాన్‌లో, యెమెన్‌లో మామూలు జనం చనిపోతున్నారు. మనవాడు కదా అని నోరు మూసుకోకు. బుష్ చేస్తే తప్పన్నది ఒబామా చేసినా తప్పే, ఆ సంగతి వైట్‌హౌస్‌కి నీ పేరు పెట్టి రాయి. అడిగితే ఆయన బలహీనపడతాడని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. 1964లో జాన్సన్ అఖండంగా గెలిచాడు, అయినా ఓటుహక్కుల బిల్లు కాంగ్రెస్‌కి వెళ్లింది 1965 మార్చిలో, అలబామాలోని సెల్మా వంతెన దగ్గర ఓటుహక్కు కోసం ఊరేగింపుగా వెళ్తున్న నల్లవాళ్లని పోలీసులు లాఠీలతో కొట్టడం దేశమంతా టీవీలో చూశాకే. మీ పెదనాన్న, నేను ఈ దేశం రాగలిగిన ఇమిగ్రేషన్ చట్టం కూడా ఆ ఏడాదిదే.

ఇదంతా ఏడాదిన్నరలో జరగాలి. 2014 వేసవి వచ్చిందంటే కాంగ్రెస్ సభ్యులకి మళ్లీ ఎన్నికల టెన్షన్, ఆ తర్వాత రెండేళ్లూ తర్వాతి అధ్యక్షుడెవరన్న గొడవే.

సోమవారం పొద్దున్నే వుల్ఫ్ ఆఫీసుకి ఫోన్ చేసి, రెండున్నర లక్షల డాలర్ల లోపు కుటుంబాలకి పన్ను తగ్గింపు కొనసాగించే బిల్లు, జులైలో సెనేట్ 51–48తో పాస్ చేసింది, డిసెంబరు 31 లోపు ఓటింగ్‌కి పెట్టమని అడుగు. ఏమన్నారో గురువారం థాంక్స్‌గివింగ్‌కి వచ్చినప్పుడు చెప్పు.

మీ పెద్దమ్మ