నీకు నచ్చని సీరీస్ గురించి

విశాఖపట్నం

అమ్మాయీ,

నీ ఉత్తరమూ, దాంతో పంపిన వ్యాసమూ చదివాను. 'స్ట్రేంజర్ థింగ్స్' అనే నెట్‌ఫ్లిక్స్ సీరీస్ నచ్చలేదని రాసినందుకు హాస్టల్లో అందరూ నీ మీద పడ్డారని, నీకు టేస్ట్ లేదన్నారని, ఇప్పుడా వ్యాసాన్ని చించేయాలో, కాస్త మెచ్చుకుంటూ తిరగరాయాలో తోచడం లేదని రాశావు. రెండూ వద్దు. నచ్చనిది నచ్చలేదని రాయడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. అయితే ఎందుకు నచ్చలేదో ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. అది నీ ఉత్తరంలో ఉంది. ఆ సంగతి చెబుదామనే ఈ జాబు.

ముందు వ్యాసం మాట. "ఎనభైల నాటి అమెరికా జ్ఞాపకాలు మనవి కావు, అందుకే మనకి ఎక్కవు" అన్నావు. ఇది నిలవదు. మొదటి సీజన్ కథ జరిగేది 1983 నవంబరులో. దాన్ని తీసిన కవలలు, డఫర్ సోదరులు, పుట్టిందే 1984 ఫిబ్రవరిలో. ఆ కాలాన్ని వాళ్లూ చూడలేదు. చూసిన సినిమాల్లోంచి, చదివిన పుస్తకాల్లోంచి దాన్ని కట్టుకున్నారు. నీ రూమ్మేట్లూ వాకీటాకీలు పట్టుకుని సైకిళ్ల మీద తిరిగినవాళ్లేం కాదు, అయినా వాళ్లకి ఎక్కింది. కాబట్టి నీకు ఎక్కకపోవడానికి కారణం ఇంకేదో ఉంది. ఎపిసోడ్లు మరీ పొడుగన్నావు. ఇష్టపడ్డవాళ్లకి ఆ పొడుగే చాల్లేదు. అదీ తీసెయ్.

జాయిస్ గురించి నువ్వు రాసిన రెండు వాక్యాలు మాత్రం నాకు బాధ కలిగించాయి. "ఊరికే అరుస్తూ ఉంటుంది" అన్నావు. ఆ మూడో ఎపిసోడ్ ఇంకోసారి చూడు. కొట్లో గుమాస్తా పని చేసుకునే మనిషి. కొడుకు కనబడడం లేదు. గోడ మీద పెయింటుతో అక్షరాలు రాసుకుంది, ఒక్కో అక్షరం దగ్గర ఒక్కో క్రిస్మస్ బల్బు వచ్చేలా తీగ కట్టింది. ఎక్కడున్నావురా అని అడిగితే, బల్బులు ఒక్కొక్కటే వెలుగుతూ 'ఇక్కడే' అని జవాబొచ్చింది. నన్నేం చేయమంటావని అడిగితే 'పారిపో' అని వచ్చింది. ఆ తరవాత క్వారీ నీళ్లలో శవం దొరికిందని చూపిస్తే, అది నా బిడ్డ కాదంది. ఊరంతా పిచ్చిదనుకున్నా మాట మార్చలేదు. అందులో తల్లి బాధకి ఒక పని దొరికింది, గోడకి బల్బులు కట్టుకునే పని. ఇలాంటి సీను రాయడం ఎంత కష్టమో నీకు ముందు ముందు తెలుస్తుంది. మొత్తం సీరీస్ నచ్చకపోయినా, బాగున్న సీను బాగుందని ఒప్పుకున్నప్పుడే నీ అయిష్టాన్ని జనం నమ్ముతారు.

ఒక్క పేరా చాలా బాగుంది. ఎవరు చావాలో ముందే తెలిసిపోతుందన్నావు. రెండో సీజన్లో బాబ్, మూడో సీజన్లో అలెక్సీ, నాలుగో సీజన్లో ఎడ్డీ, వీళ్లంతా పరిచయమైన సీజన్లోనే పోయారు. పోయాడనుకున్న పోలీసు చీఫ్ హాపర్ మాత్రం తిరిగొచ్చాడు. ఇది నీ కళ్లతో నువ్వు చూసిన విషయం. ఉంచు. కానీ ఆ వరసలో మొట్టమొదటి పిల్లని వదిలేశావు. బార్బ్. నువ్వు వెళ్లాల్సిన దారి ఆ పిల్ల దగ్గరే మొదలవుతుంది.

బార్బ్ మొదటి సీజన్లోనే ఇంకో లోకం నుంచి వచ్చిన రాక్షసుడి చేతిలో చచ్చిపోతుంది. పాపం, తల్లిదండ్రులు ఏడాది గడిచినా బతికే ఉందనుకుంటూ వెతుకుతుంటారు. రెండో సీజన్లో ఆమె స్నేహితురాలు నాన్సీ ఆ నిజం బయటపెట్టాలనుకుంటుంది. ఆ రాక్షసుడు రావడానికి దారి తెరిచిన లాబ్ వాళ్ల మాటలు టేప్‌లో ఉన్నాయి. కానీ రాక్షసులూ ఇంకో లోకమూ అంటే ఎవరు నమ్ముతారు? ముర్రే అనే ఆయన ఉపాయం చెబుతాడు: మందు ఘాటుగా ఉంటే పలచన చేసినట్టు, నిజాన్నీ పలచన చేసి ఇవ్వాలి. అలా చివరికి టీవీ వార్తల్లో వచ్చేది, లాబ్ నుంచి ఒక కెమికల్ లీకైంది, ఆ పిల్ల దానివల్లే పోయింది, అని. లాబ్ మూతపడుతుంది. బార్బ్‌కి అంత్యక్రియలు జరుగుతాయి.

నీ ఉత్తరం రెండో పేజీలో ఎక్కడో మధ్యలో రాశావు: "ఆ వార్త దగ్గర లాప్‌టాప్ మూసేశాను మాస్టారూ, తరవాత చూసిందంతా వాళ్ల బలవంతం మీద చూసిందే." ఆ కిందే 2020 మే 7 గురించి, మీ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకైన రోజు గురించి రాశావు. తెల్లవారుజామున నాన్న నిన్నూ తమ్ముణ్ణీ బండెక్కించుకుని సింహాచలం వైపు పోనిచ్చారని. వెంకటాపురంలో వీధి దీపాల కింద మనుషులు ఎక్కడివాళ్లక్కడ పడిపోయి ఉన్నారని. ఇంటికి తిరిగొచ్చేసరికి పెరట్లో కరివేపాకు చెట్టు మాడిపోయిందని, ఆ తరవాత చాలా రోజులు కుళాయి తిప్పాలంటే అమ్మ భయపడేదని.

ఇంత రాసి, దీన్ని వ్యాసంలో పెట్టకుండా ఎపిసోడ్ల పొడుగు గురించి ఎందుకమ్మా రాశావు? ఆ షోలో జనం నమ్మడానికి కట్టిన అబద్ధం నీకు జరిగిన నిజం. వాళ్లకి కెమికల్ లీక్ అంటే రాక్షసుడి కంటే చిన్నది, నమ్మదగ్గది, విని మర్చిపోదగ్గది. 12 మంది పోయిన ఊరి పిల్లకి అంతకంటే పెద్ద రాక్షసుణ్ణి ఎవరు చూపించగలరు? స్టైరిన్ ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోకుండా నేల బారునే ఇళ్లలోకి పాకుతుంది. ఇది సైన్సే, ఇందులో ఫిక్షన్ లేదు. ఈ మాట రాయగలిగిన మనిషి మీ హాస్టల్లో నువ్వొక్కదానివే.

ఇంకొకటి. ఆ రెండో సీజన్ కథ 1984 అక్టోబరు చివర మొదలై, డిసెంబరులో స్కూల్లో పిల్లల డాన్సుతో అయిపోతుంది. అదే డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ లీకై వేలమంది పోయారు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి ఊరుకో. మనల్ని అవమానించారని మాత్రం రాయకు. ఆ సీజన్ వచ్చింది 2017లో, వెంకటాపురానికి రెండున్నరేళ్ల ముందు. వాళ్ల కథలో ఆ అబద్ధం వల్లే ఒక తల్లికీ తండ్రికీ కూతురు ఏమైందో తెలిసింది. అదీ చెప్పు. అప్పుడు చదివేవాడు నీతో పోట్లాడడం మానేసి నీతో పాటు ఆలోచిస్తాడు.

వ్యాసాన్ని లాప్‌టాప్ మూసిన చోట మొదలుపెట్టు. సైన్స్ ఫిక్షన్ అంటే ఏమిటన్న మొదటి పేజీ అక్కర్లేదు. మే 7 గురించి నీకు గుర్తున్నదే రాయి. గుర్తులేనిది అమ్మనీ నాన్ననీ అడుగు, వాళ్లు చెప్పినట్టే రాయి, ఏడుపు కలపకు.

నాలుగో సీజన్లో మాక్స్ అనే పిల్ల గాల్లోకి లేచిన సీనులో పాట వస్తుంటే నీ రూమ్మేట్ ఏడ్చిందని వెక్కిరించావు. ఆ వాక్యం కొట్టెయ్. కేట్ బుష్ పాడిన 1985 నాటి ఆ పాట ఈ సీను పుణ్యమా అని 2022లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. అంతమందిని కదిలించినదాన్ని చూసి నవ్వితే నీ వ్యాసమే చిన్నదవుతుంది. నీది వెంకటాపురమని హాస్టల్లో ఎవరికీ చెప్పలేదన్నావు కదా. తిరగరాసింది ముందు ఆ ఏడ్చిన రూమ్మేట్‌కే ఇవ్వు. నీతో ఏకీభవించకపోవచ్చు, సీరీస్ మీద తన ఇష్టం తనకి ఉండనీ.

తరవాత నాకు పంపు. వచ్చే నెల ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో మేం కూర్చునేటప్పుడు నిన్ను చదవమని అడుగుతాను. నీకు ఇష్టమైతేనే.

ఆశీస్సులతో,
మాస్టారు