మినిట్స్ పుస్తకం దగ్గర మొదలుపెట్టు

నాయనా,

నీ వ్యాసం చదివాను. మీ పెద్దమ్మా, ఆమె తోటి నర్సులూ కలిసి ఆసుపత్రి విశ్రాంత ఉద్యోగుల సంఘం పెట్టుకున్న వైనం రాయాలనుకోవడం మంచి ఆలోచనే. తిరుపతిలో రాసేవాళ్లం ఇంతమందిమి ఉన్నాం. కొండ మీది చూపును అలిపిరి రోడ్డు పక్కనున్న వార్డుల మీదికి దించినవాళ్లం తక్కువ.

ముందు మొదటి పేజీ మొత్తం తీసెయ్. ‘శ్వేతవస్త్రధారిణులు’, ‘నైటింగేల్ వారసులు’ లాంటివి వాళ్లు ఏటా మే 12న వేదిక మీద కూర్చుని విని, కప్పిన శాలువా మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేసిన మాటలు. జ్యోతి ప్రజ్వలనా, ముఖ్య అతిథి ప్రసంగమూ కూడా తీసెయ్. అప్పటికి సంఘం పుట్టి చాలా రోజులైంది.

వ్యాసంతోపాటు మినిట్స్ పుస్తకం పేజీ ఫోటో ఒకటి పంపావు చూడు, సరుకంతా అందులో ఉంది. ప్రతి తీర్మానం పక్కనా టైము వేశారు. తప్పు పడిన మాటను గీకెయ్యకుండా, చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టారు. పేజీ అడుగున మిగిలిన ఖాళీలో అడ్డంగా గీత లాగారు, తర్వాత ఎవరూ ఒక ముక్క ఇరికించకుండా. నైట్ డ్యూటీ రిపోర్టులు రాసీ రాసీ అలవాటైన చెయ్యి అది. కేస్ షీటులో రాసింది రేపు కోర్టుకెక్కొచ్చని ఉద్యోగమంతా జాగ్రత్తపడ్డ చెయ్యి. దాన్ని నువ్వు ‘సమావేశ వివరాలు నమోదు చేశారు’ అని దాటేశావు!

అదే పేజీలో సభ్యత్వం గురించి గంటకు పైగా చర్చ నడిచినట్టు టైములే చెబుతున్నాయి. నర్సులు నర్సుల సంఘమే పెట్టుకోవచ్చు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురుంటే చాలు, ఆ ఏడుగురూ ఆ గదిలోనే ఉన్నారు. మరి నర్సులకు చేతిసాయం చేసే ఎఫ్‌ఎన్‌వోలనూ, ల్యాబ్ టెక్నీషియన్లనూ, వార్డు ఊడ్చినవాళ్లనూ ఎందుకు కలుపుకున్నట్టు? అసలు కథ ఇది. పోయి అడుగు. ‘అందరం ఒకే కుటుంబం’ అంటారు, ఆ జవాబుతో లేచి రావద్దు. మొదట వద్దన్నదెవరో, ఏమని వద్దన్నారో అడుగు. వద్దన్నవాళ్ల మాటల్లోనే ఆసుపత్రి లోపలి మెట్లన్నీ బయటపడతాయి. గొడవ రాస్తే పెద్దమ్మకు కోపమొస్తుందని జంకకు. రాత్రంతా మందుల బీరువా తాళాలు నడుముకు దోపుకుని వార్డును నడిపిన మనిషి, నీ వ్యాసానికి బెదరదు.

ఇంకొకటి. ఆ గదిలో కూర్చున్నవాళ్లందరి పింఛనూ ఒకటి కాదు. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవాళ్లది పాత పింఛను, ఆ రోజు నుంచి చేరినవాళ్లది సీపీఎస్, అంటే జీతంలోంచి నెలనెలా వాటా కట్టుకునే పింఛను. రిటైర్మెంటు వయసు 60 నుంచి 62కి పెరిగింది 2022 జనవరిలో. అంటే 2021 డిసెంబరు 31న దండ వేయించుకుని దిగిపోయినామెకంటే నెల చిన్నదైనామె, అదే వార్డులో ఇంకో రెండేళ్లు జీతం తీసుకుంది. ఇదంతా జీవోల నంబర్లతో చెప్పబోకు. అట్లాంటి ఇద్దరిని వెతికి, పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించు. ఏ ఆసుపత్రో కూడా మొదట్లోనే చెప్పెయ్. రుయా సర్కారుది, బర్డ్ దేవస్థానానిది. దగ్గర దగ్గరే ఉన్నా జీతమిచ్చే చెయ్యి వేరు, పింఛను లెక్కా వేరు.

మాట సంగతి. మీ పెద్దమ్మ చేత ‘మీకు నొప్పి ఎక్కడ ఉన్నది?’ అనిపించావు. ఆమె అట్లా అనగా నేను వినలేదు. ‘యాడమ్మా నొప్పి?’ అంటుంది. సత్యవేడు వైపు ముసలమ్మ వస్తే అరవంలోకి దిగుతుంది. గుండుకు రాసిన గంధం ఆరకుండానే స్ట్రెచరెక్కిన యాత్రికుడితో వచ్చీరాని కన్నడం మాట్లాడుతుంది. అది రాయి.

పింఛనుదారులు బతికే ఉన్నామని చూపించుకునే లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో ఒకసారి సంఘం వాళ్ల వెంట తిరుగు. మంచం దిగలేని పాత ఆయా ఇంటికి పోయి, అరిగిపోయిన వేలిముద్ర మిషను మీద పడక, తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించడం దగ్గరుండి చూడు. నోటు పుస్తకం ఆటో దిగాక తియ్, అక్కడ వద్దు.

తిరగరాసి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా టైపు చెయ్యి, నా కళ్లు మునుపటిలా లేవు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు
తిరుపతి