పెరట్లోకి అసీల్ తెచ్చుకోవాలా, వనరాజానా?

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, పెరట్లో పది కోళ్లు పెంచుకోవాలని ఉంది, అసీల్ కొట్లాట కోడి అంటున్నారు, వనరాజా సాధువు అంటున్నారు, ఏది మంచిది అని. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఆరేళ్లుగా మా పెరట్లో రెండూ తిరుగుతున్నాయి.

ముందు పాప సంగతి. అసీల్ కొట్లాడేది సాటి కోళ్లతో, మనుషులతో కాదు. మా ఎర్ర పుంజును మా తమ్ముడి కొడుకు చంకలో పెట్టుకుని వాకిలంతా తిరిగేవాడు. అది మెడ నిక్కించి అటూ ఇటూ చూసేదే తప్ప ఒక్కసారి కూడా ముక్కు తాకించలేదు. భయమల్లా పిల్లల్ని లేపిన పెట్టతోనే. పిల్లలు లేచిన మొదటి రెండు మూడు వారాలు నూకలు వేయబోయిన మా అమ్మ కాళ్లను కూడా పొడిచేది. ఆ రోజుల్లో పాపను దగ్గరికి పోనివ్వకండి, అంతే.

రెండు పుంజులు మాత్రం వద్దు. నేను తెలివిగా ఒకదాన్ని గంప కింద మూసి, ఒకదాన్ని బయట వదిలి అంగడికి పోయాను. వచ్చేసరికి గంప సందుల్లోంచే పొడుచుకుని రెండింటి ముఖాలూ రక్తం. తర్వాతి వారం ఒకదాన్ని అమ్మేశాను. కొన్నాయన దాన్ని దేనికి కొన్నాడో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇక వనరాజా. రంగు రంగుల ఈకలు చూసి నాటుకోడి అనుకుంటారు గానీ, అది రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో తయారుచేసిన సంకర రకం. ఎవరు పట్టుకున్నా పట్టుబడుతుంది. చిక్కంతా అక్కడే. మనకు పట్టుబడేది కుక్కకూ పట్టుబడుతుంది. మొదటి ఏడాది పన్నెండు పిల్లల్ని తెస్తే సంక్రాంతికి ఏడు మిగిలాయి. ఒకరోజు గద్ద నీడ పెరట్లో పడింది. అసీల్ పెట్ట గొంతులో క్ర్‌ర్‌మని ఒక్క చప్పుడు చేసిందో లేదో, దాని పిల్లలన్నీ సీతాఫలం చెట్టు కిందికి దూరి మాయమయ్యాయి. మా వనరాజా పెట్ట నడి పెరట్లో నిలబడి, తల ఒక పక్కకు వంచి, ఆ గద్దను తీరిగ్గా చూస్తోంది!

అందుకే రెండో ఏడాది పద్ధతి మార్చాం. వనరాజా పొదుగుకు కూర్చోవడం అరుదు, అసీల్ కూర్చుందంటే లేపలేం. అసీల్ పొదుగు మీద ఉన్నప్పుడు ఒకరోజు వయసున్న వనరాజా పిల్లల్ని ఎనిమిదింటిని తెచ్చి, రాత్రి చీకట్లో దాని రెక్కల కిందికి తోసి, గుడ్లు తీసేశాం. తెల్లారి తన పిల్లలే అనుకుంది. బల్బు కింద పెంచితే కరెంటు పోయినప్పుడల్లా టెన్షన్, ఆ బాధ తప్పింది. నెలన్నరకు తల్లి వేప కొమ్మ ఎక్కి పడుకోబోయింది. అప్పటికే అరకిలో దాటిన ఆ బొద్దు పిల్లలు ఎగరలేక కింద కియ్యోమంటుంటే దిగింది, మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. మూడో రోజుకు కొమ్మ ఆశ వదులుకుని వాటితో పాటే గూట్లో పడుకుంది. ఆ ఎనిమిదిలో ఏడు దక్కాయి.

గుడ్ల విషయానికొస్తే పోలికే లేదు. అసీల్ ఏడాది మొత్తానికి ముప్పై, నలభై. వనరాజా వంద దాటిస్తుంది. కాకపోతే జొన్నలు ఒడి నిండా పోసి మేపకండి, మా అమ్మ ప్రేమకు రెండు పెట్టలు కొవ్వెక్కి గుడ్లు మానేశాయి. మే నెల ఎండలకూ బరువు కోడి తట్టుకోలేదు, నోరు తెరిచి రెక్కలు వేలాడేస్తుంది. నీడలో నీళ్ల కుండ, మీద తడి గోనె తప్పవు. కొక్కెర తెగులు (రాణిఖెట్) రాకుండా ఏడో రోజులోపు లసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా సూది, ఈ రెండూ ఏ రకానికైనా వేయించాల్సిందే.

నన్నడిగితే ఎనిమిది వనరాజా పెట్టలు, ఒక వనరాజా పుంజు, ఒకే ఒక్క అసీల్ పెట్ట. వనరాజా గుడ్లు కూర కోసమే వాడుకోండి. పొదిగిస్తే పుట్టే తరం తల్లి పెట్టినన్ని గుడ్లు పెట్టదు, పిల్లలు కావాలంటే కొత్తవి తెచ్చుకోవాలి. అసీల్ పెట్టను మాత్రం అంగడిలో కాళ్లు కట్టి పడేసినదాన్ని కొనకండి. ఎవరింట్లోనైనా పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుండగా చూసి, అవి విడిపోయాక ఇమ్మని ముందే మాట తీసుకోండి.