తొలినాటి అమెరికా చరిత్రపై రీసెర్చ్ పేపర్: టాపిక్ ఎలా ఎంచుకోవాలి?

వలసకాలపు అమెరికా మీద పేపర్ రాయాలి, 'బానిసత్వం' తీసుకోవచ్చా అని అడిగారు. అది టాపిక్ కాదు, ఒక లైబ్రరీ నిండే విషయం. ఒక చోటు, ఒక కాలం, ఒక 'ఎందుకు' దగ్గరికి కుదించండి.

అప్పట్లో ఇంగ్లండ్ వలసగా ఉన్న వర్జీనియానే తీసుకోండి. ఇంగ్లండ్ చట్టంలో బిడ్డ హోదా తండ్రిని బట్టి ఉండేది. తండ్రి ఆంగ్లేయుడని, తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవురాలినని వాదించి, ఆఫ్రికన్ తల్లికి పుట్టి అక్కడ బానిసగా బతుకుతున్న ఎలిజబెత్ కీ 1656లో కోర్టులో స్వేచ్ఛ గెలుచుకుంది. 1662లో అక్కడి శాసనసభ ఆ లెక్క తిరగేసింది: తల్లి బానిసైతే బిడ్డా బానిసే. 1667లో ఇంకొకటి: బాప్తిస్మంతో విముక్తి రాదు. అంటే ఆమె వాదనలో ముఖ్యమైన రెండు దారులూ మూసేశారు. ఇలాంటి కేసులకు భయపడే ఈ చట్టాలు తెచ్చారా, లేక పొగాకు తోటలకు పనివాళ్లు కావాలన్న అవసరమే అసలు కారణమా? ఇదీ పేపర్‌కి సరిపోయే ప్రశ్న.

ఆధారాలు దొరకకపోతే ఎంత మంచి టాపిక్ అయినా వదిలేయండి. వర్జీనియా పాత చట్టాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో జరిగిన మంత్రగత్తెల విచారణల రికార్డులూ ఉన్నాయి, కానీ దాని మీద ఇప్పటికే కుప్పలుతెప్పలుగా రాశారు. కొత్త కోణం లేకుండా దిగితే టెన్షనే.