పంటి గుంతలో పెట్టిన బోన్ గ్రాఫ్ట్ కరిగిపోతుందా, ఎముకవుతుందా?

"కింది దవడ పన్ను తీసి బోన్ గ్రాఫ్ట్ పొడి పెట్టారు. అది రక్తంలో కరిగిపోతుందా, ఎముకగా మారుతుందా?" అని గాజువాక నుంచి అడిగారు. ఏ పొడి పెట్టారో రాయలేదు. మీ తప్పేం లేదు, బిల్లులో "బోన్ గ్రాఫ్ట్" అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు. దగ్గు మందు కొన్నా సీసా తిప్పి చూసే మనం, ఒంట్లోకి పోయే పొడి పేరు మాత్రం అడగం. ప్యాకెట్ మీది లేబుల్ ఫొటో అడిగి తీసుకోండి. జవాబంతా అందులోనే ఉంటుంది.

క్యాల్షియం సల్ఫేట్ అయితే అది కరిగేదే. విరిగిన చేతికి కట్టు వేసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌నే బాగా శుద్ధి చేసిన రూపం అనుకోండి. 1892లోనే జర్మనీలో డ్రీస్‌మాన్ అనే డాక్టరు దీంతో ఎముక గుంతలు నింపాడు. నెలన్నర, రెండు నెలల్లో ఖాళీ అయిపోతుంది, ఎముక అంత వేగంగా పెరగకపోతే గుంత మళ్లీ గుంతే. కరిగేటప్పుడు చుట్టూ కాస్త ఆమ్లం పెరుగుతుంది. కాలి ఎముకల్లో ఎక్కువ మోతాదులో పెట్టినప్పుడు గాయం నుంచి పల్చటి నీరు కారడం, దాన్ని చీము అనుకుని కంగారు పడడం ఉన్నదే. కల్చర్ (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) చేస్తేగానీ తేలదు.

బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌లో క్యాల్షియం, ఫాస్ఫరస్ నిష్పత్తి 1.5. మన ఎముకలోని ఖనిజం లాంటిదే అయిన హైడ్రాక్సీ అపటైట్‌లో 1.67. చూడ్డానికి ఇంతే తేడా. కానీ మొదటిది ఆర్నెల్ల నుంచి రెండేళ్లలో చాలావరకు పోతుంది, రెండోది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. హైడ్రాక్సీ అపటైట్‌ని రక్తం కరిగించలేదు, ఎందుకంటే 7.4 పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం) దగ్గర రక్తంలో దానికి కావలసిన అయాన్లు ముందే నిండుగా ఉన్నాయి. ఎముకను తినే ఆస్టియోక్లాస్ట్ కణం దాని మీద కప్పులా బోర్లా పడి, లోపల పీహెచ్‌ని 4.5 దాకా దించితే కొద్దికొద్దిగా కరుగుతుంది. అందుకే మూడో నెల ఎక్స్‌రేలో తెల్లగా కనబడితే "ఎముక వచ్చేసింది" అనుకోకండి. ఆ తెలుపు మీకు పెట్టిన పొడిదే కావచ్చు.

బయోగ్లాస్ వ్యవహారం వేరు. 1969లో ఫ్లోరిడాలో లారీ హెంచ్ అనే శాస్త్రవేత్త చేసిన 45ఎస్5 గాజులో బరువు లెక్కన సిలికా 45 శాతం, సోడియం ఆక్సైడ్, క్యాల్షియం ఆక్సైడ్ చెరి 24.5, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ 6. ద్రవం తగలగానే గాజులోని సోడియం బయటికి, నీటిలోని ప్రోటాన్లు లోపలికి. చుట్టూ ద్రవం క్షారం వైపు జరుగుతుంది, పైపొర సిలికా జెల్‌గా మెత్తబడుతుంది, దాని మీద క్యాల్షియం ఫాస్ఫేట్ పేరుకుని కార్బనేట్ కలిసిన అపటైట్‌గా గట్టిపడుతుంది. ఆ పొరకే ఎముక అతుక్కుంటుంది.

ఇక నా అసలు గొడవ. ఈ పొరను కాలీఫ్లవర్ పూవులా ఫొటో తీసి, "శరీర ద్రవంలో ఎముక ఏర్పడింది" అని బ్రోషర్లో వేస్తారు. అది శరీర ద్రవం కాదు, సీసాలో కలిపిన ఉప్పునీళ్లు. అందులో బిళ్లనో పొడినో నానబెట్టి, పైన అపటైట్ పొర వస్తుందా అని చూస్తారు, పరీక్షంతా అదే. జపాన్‌లో కొకుబో అనే శాస్త్రవేత్త తయారుచేసిన ఈ ఎస్‌బీఎఫ్‌లో (సిమ్యులేటెడ్ బాడీ ఫ్లూయిడ్, అంటే నకిలీ శరీర ద్రవం) ప్రొటీన్లు లేవు, కణాలు లేవు. క్లోరైడ్ 147.8 మిల్లీమోలార్, మన రక్తంలో 103. బైకార్బనేట్ 4.2, రక్తంలో 27.

దాన్ని మన విశాఖలో సరిగ్గా కలపడమే ఒక యజ్ఞం. ప్లాస్టిక్ బీకర్లో 700 మి.లీ. అతిశుద్ధ జలం, 36.5 డిగ్రీలు. గాజు బీకర్ వద్దు, దాని గీతల మీద అపటైట్ పడుతుంది. బ్యాటరీ షాపు డిస్టిల్డ్ వాటర్ అసలే వద్దు. లీటరు లెక్కన సోడియం క్లోరైడ్ 8.035 గ్రాములు, బైకార్బనేట్ 0.355, పొటాషియం క్లోరైడ్ 0.225, ఫాస్ఫేట్ 0.231, మెగ్నీషియం క్లోరైడ్ 0.311, ఆ తర్వాత ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 39 మి.లీ. ఆమ్లం పడ్డాకే క్యాల్షియం క్లోరైడ్ 0.292, ఆపైన సోడియం సల్ఫేట్ 0.072. వరస తప్పితే పాలవిరుగుడే, పారబోయాలి. మన సముద్రపు గాలికి క్యాల్షియం క్లోరైడ్ తూస్తుండగానే చెమ్మగిల్లుతుంది, తూకంలో నీళ్లూ కలిసిపోతాయి. ఆరబెట్టినది డెసికేటర్లోంచి (తేమ చేరని మూత పాత్ర) తీసి వెంటనే తూచాలి. చివరికి పీహెచ్‌ని పెంచి నిలిపే ట్రిస్ పొడి చిటికెడు చిటికెడుగా వేయాలి. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.40 చూసి సంతోషపడితే, 36.5 దగ్గర అది 7.1కి దిగుతుంది.

నానబెట్టే ద్రవానికీ లెక్కుంది. చదరపు మిల్లీమీటర్లలో ఉపరితలాన్ని పదితో భాగిస్తే మి.లీ. వస్తుంది. 10 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం బిళ్లకి 22 మి.లీ. పొడికి ఈ లెక్క కుదరదు, 75 మి.గ్రా.కి 50 మి.లీ. పోస్తారు. గ్రాము పొడికి పది మి.లీ. పోసి ఫలితాలు రాసేవాళ్లని ఏమనాలి?

అన్నిటికన్నా నవ్వొచ్చేది ఉప్పు. బిళ్లను తీసి శుద్ధజలంతో మెల్లిగా కడగకుండా ఆరబెడితే సోడియం క్లోరైడ్ తెల్లగా మెరుస్తూ గట్టిపడుతుంది. ఏ స్ఫటికమో గుర్తించే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్షలో ఉప్పు పెద్ద గీత 31.7 డిగ్రీల దగ్గర, అపటైట్ పెద్ద గీత 31.8 దగ్గర. ఇంకేముంది, అపటైట్ వచ్చేసిందని సంబరం! 45.4 దగ్గర పదునైన గీత కూడా ఉందా, 25.9 దగ్గర అపటైట్ గీత లేదా అని చూస్తే తెలిసిపోతుంది, అది ఆర్కే బీచ్‌లో దొరికే సరుకేనని. ఇటు చూస్తే, ఒంట్లో ఎముకతో చక్కగా కలిసే బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ ఈ సీసా పరీక్షలో తరచు తప్పుతుంది. 2009లో బోనర్, లెమెత్ర్ అనే పరిశోధకులు ఈ పరీక్షనే నిలదీశారు, అయినా బ్రోషర్లు మారలేదు.

మీ విషయానికొస్తే, మీ గుంతలో పనిచేసేది రక్తపు గడ్డ. రేణువుల మధ్య సందుల్లోకి రక్తం ఇంకాలి. పొడిని రక్తంతోనో సెలైన్‌తోనో తడి ఇసుకలా చేసి వదులుగా నింపాలి, దట్టించి కూరితే సందులు మూసుకుపోతాయి. మొదటి 24 గంటలు గట్టిగా పుక్కిలించకండి, ఉమ్మకండి, కొబ్బరిబొండం స్ట్రాతో తాగకండి. రెండు మూడు రేణువులు నాలుకకి ఇసుకలా తగిలితే ఫర్వాలేదు. రోజూ వస్తుంటే మాత్రం కుట్లు విడిపోయాయేమో వెళ్లి చూపించుకోండి, ఆ లేబుల్ కూడా అప్పుడే అడగండి.