ఒక ఊపిరితిత్తి ఆపి ఆపరేషన్ చేస్తారట... ప్రమాదం కాదా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. పదిహేనేళ్ల క్రితం టీబీ వచ్చి, మందులతో తగ్గింది. కొన్ని నెలలుగా దగ్గితే రక్తం పడుతోంది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఫంగస్ గడ్డ ఉందని, ఆ భాగం తీసేయాలని చెప్పారు. ఆపరేషన్ జరిగినంతసేపూ రెండు దారుల ట్యూబ్ వేసి కుడి ఊపిరితిత్తి ఆపేస్తారట. ఒక్కదానితో అంతసేపు ఊపిరి ఎలా ఆడుతుంది? ట్యూబ్ సరిగ్గా పడకపోతే? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: టీబీ మానిన చోట మిగిలిన గుంతలో ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ ఉండలా పేరుకోవడం మన దగ్గర అరుదేమీ కాదు. రక్తం పడుతున్నప్పుడు, రోగి తట్టుకోగలిగితే ఆ భాగం తీసేయడమే సరైన దారి.

కుడి వైపును ఆపేది సర్జన్‌కు చోటు కోసమే అనుకుంటారు చాలామంది. మీ నాన్నగారి విషయంలో అంతకంటే పెద్ద కారణం ఉంది. ఆపరేషన్‌లో కుడి వైపు కదిలించినప్పుడు రక్తం, కఫం జారి బాగున్న ఎడమ వైపుకు వెళ్లకూడదు. డబుల్ ల్యూమెన్ ట్యూబ్ (మీరన్న రెండు దారుల ట్యూబ్) కొసన ఉండే నీలం రంగు బెలూన్ ఎడమ శ్వాసగొట్టంలో ట్యూబ్ చుట్టూ ఉబ్బి, రక్తం జారే ఆ దారి మూసేస్తుంది. దానికి సాధారణంగా 3 మిల్లీలీటర్ల లోపు గాలి చాలు, ఎక్కువ కొడితే గొట్టం గోడ దెబ్బతింటుంది.

కుడి పక్క ఆపరేషన్‌కు ట్యూబ్ ఎడమకు ఎందుకని అడగొచ్చు. ఎడమ గొట్టం దాదాపు 5 సెంటీమీటర్లు చీలకుండా సాగుతుంది. కుడి గొట్టంలో 2 సెంటీమీటర్లకే పై భాగానికి కొమ్మ చీలుతుంది. అక్కడ ట్యూబ్ కాస్త జరిగినా ఆ దారి మూసుకుపోతుంది. ఎడమ వైపైతే అంత ఇరుకు ఉండదు.

ట్యూబ్ వేయడం కంటే, వేశాక ఎక్కడుందో చూసుకోవడం ముఖ్యం. 170 సెంటీమీటర్ల ఎత్తు మనిషికి పళ్ల దగ్గర 29 సెంటీమీటర్ల గుర్తు వరకు వెళ్తుంది, కానీ అది అంచనా మాత్రమే. స్టెతస్కోప్‌తో వింటారు, అయినా చెవి ఒక్కోసారి మోసం చేస్తుంది. అందుకే సన్నటి ఫైబర్‌ఆప్టిక్ బ్రాంకోస్కోప్ లోపలికి పంపి, శ్వాసగొట్టం రెండుగా చీలే చోటును, దాని కిందే ఎడమ పక్కన నీలం బెలూన్ అంచును కళ్లారా చూస్తారు. తర్వాత రోగిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు. ట్యూబ్ జరిగేది ఎక్కువగా అప్పుడే. కాబట్టి మళ్లీ చూడాలి. ఈ రెండో చూపు గురించి మత్తు డాక్టర్‌ను మొహమాటం లేకుండా అడగండి. సర్జన్‌ను పది ప్రశ్నలడిగే కుటుంబాలు మత్తు డాక్టర్‌ను ఒక్కటీ అడగవు!

ఇక ఊపిరి సంగతి. గాలి అందని ఊపిరితిత్తిలో రక్తనాళాలు వాటంతటవే ముడుచుకుని, రక్తాన్ని పనిచేస్తున్న వైపుకు మళ్లిస్తాయి. ఎడమ వైపు కిందకు ఉండటం వల్ల కూడా రక్తం అటే ఎక్కువ వెళ్తుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతే, ఇచ్చే ఆక్సిజన్ శాతం పెంచి, ముందు ట్యూబ్ స్థానం మళ్లీ చూస్తారు. ఆగిన వైపుకు కొద్దిగా ఆక్సిజన్ పంపొచ్చు. అప్పటికీ కుదరకపోతే కాసేపు రెండింటికీ గాలి ఇస్తారు. ఒక్కదానితో నెట్టుకురాగలరా అన్నది ముందే స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదే పరీక్ష), నడక పరీక్షలతో అంచనా వేస్తారు.

మీరు చేయాల్సింది: ఊగే పన్ను, కట్టుడు పళ్లు, గురక, మెడ బిగుసుకుపోవడం, గతంలో మత్తు ఇచ్చినప్పుడు ట్యూబ్ వేయడం కష్టమైందన్న మాట, ఏదున్నా దాచకుండా చెప్పండి. పాత డిశ్చార్జ్ కాగితాలు, సీటీ సీడీ తీసుకెళ్లండి. దారి ఇరుకైతే బ్రాంకియల్ బ్లాకర్ (ఒక వైపు శ్వాసగొట్టాన్ని బెలూన్‌తో మూసే సన్నటి గొట్టం) అనే మరో పద్ధతి ఉంది. పొగ తాగుతుంటే ఇవాళే మానిపించండి. అన్నం తిని కనీసం 6 గంటలు గడవాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు, మీ ఆస్పత్రి వేరే సమయం చెబితే అదే పాటించండి.

ఆపరేషన్ తర్వాత గొంతు నొప్పి, బొంగురు రెండు మూడు రోజులు ఉండొచ్చు. మామూలు ట్యూబ్ కంటే ఇది లావు మరి. గొంతు బొంగురు వారం దాటినా తగ్గకపోతే చూపించండి. మెడ లేదా ఛాతీ ఉబ్బి నొక్కితే కరకరలాడినా, ఆయాసం పెరిగినా, మళ్లీ రక్తం పడినా ఆ క్షణమే నర్సును పిలవండి. ఇంటికొచ్చాక అయితే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.